చచ్చిన రాజుకు వన్స్‌మోర్

సికింద్రాబాద్‌లో ఉంటూ పత్రికకు నాటక సమీక్షలు రాసే రోజుల్లో నేను ఒపేరాల మీద నాలుగు పుస్తకాలు చదివాను. ఒపేరా ఒక్కటీ చూడలేదు. ఆ చదువంతా తీసుకెళ్లి లాలాగూడ రైల్వే కాలనీవాళ్ల పద్యనాటకాల మీద ప్రయోగించేవాణ్ణి.

అక్కడ రాజు వేషం కట్టేది వర్క్‌షాపులో పనిచేసే ఒక పెద్దమనిషి. రాగం ఎత్తుకున్నాడంటే హార్మోనియానికి ఆయాసం వచ్చేది. చివరి అంకంలో బాణం తగిలి, ఒక పద్యం పాడి, ప్రాణం విడిచేవాడు. జనం 'వన్స్‌మోర్' అనేవారు. లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. పద్యనాటకంలో అది మర్యాద. జనం అడిగాక కూడా చచ్చి పడుకోవడమే తప్పు.

"చావుకు కూడా రిహార్సలు కావాలా?" అని రాశాను.

మా ఆవిడ విశాఖ మనిషి. పేపరు మడిచి, "ఆవేళ కుర్చీ ఎక్కి వన్స్‌మోర్ అని అరిచింది మీరు కాదేటండీ?" అంది.

"ప్రేక్షకుడు వేరు, విమర్శకుడు వేరు."

"అయితే ఇద్దరూ ఈ ఒక్క టీ పంచుకోండి."

తర్వాతి నాటకానికి ఇద్దరం వెళ్తే హార్మోనిస్టు నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు. "ఏం రాసినవ్ సార్! మావోడు మస్తు పరేషాన్ల ఉన్నడు. ఇయ్యాల సచ్చినంక లేవడంట. వేషం సుత గిదే ఆఖరిదంట."

అన్నట్టే అయింది. రాజు పద్యం పాడి పడిపోయాడు. హాలంతా వన్స్‌మోర్. రాజు కదల్లేదు.

"లే అన్నా!"

"జెర లేవరాదే!"

చచ్చిన రాజు పొట్ట మాత్రం ఎగిరెగిరిపడుతోంది. తెర లాగేవాడు తాడు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఆ తెర పడితే ఆయన మళ్లీ ముఖానికి రంగు పూసుకోడు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. లేచి నిలబడి, ఉన్న గొంతుతో "వన్స్‌మోర్" అన్నాను.

రాజు ఒక కన్ను తెరిచాడు. "ఎవరది? పేపరాయనేనా?"

"నేనేనండీ."

"లేస్తే మల్ల రాస్తవా?"

"రాయనండీ, ఒట్టు."

"రాయకుంటే ఎట్ల? రాయాలె! మంచిగ రాయాలె!"

కిరీటం సర్దుకుని లేచాడు. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆఖరికి బాణం వేసిన శత్రువే వచ్చి, "అన్నా, ఇగ సావరాదే, బస్సులు పోతయ్" అని బతిమాలాడు.

మర్నాడు మంచిగానే రాశాను. జనం కోరిక మీద రాజు లేచాడన్నాను. ఆ జనంలో మొదటి నాటకం నుంచీ నా గొంతు కూడా ఉందన్న ముక్క మాత్రం రాయలేదు. తప్పు దొర్లితే పత్రికలు సవరణ వేసుకుంటాయి కదా. ఇది నాది.