గుంతలు తవ్వని వానాకాలం

పోయిన వారం మా మేనమామ కన్నుమూశాడు. అత్త ఫోన్ చేసినప్పుడు నేను హత్నూర బస్సులో ఉన్నాను. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీ విరాళాలు ఏ పనికి వెళ్లాలో చూసే ఉద్యోగం ఆయనది. చదువైపోయాక నేనూ ఆయన దగ్గరే చేరాను.

ఏటా తొలకరికి హత్నూర దగ్గరి గడ్డి బీడులో కంపెనీ తరఫున మొక్కలు నాటడం ఆనవాయితీ. ఎండాకాలానికి అవి మాడిపోయేవి. మళ్లీ వానలకు అవే గుంతలు, అదే బ్యానరు, కొత్త మొక్కలు. మామ కూడా చాలా ఏళ్లు అదే చేయించాడు. ఓసారి అక్కడ గొర్రెలు కాసే ముసలమ్మ అంది: "మానకుండ్రి సారూ. మీ మొక్కలంటె మా గొర్లకు ఏడాదికోపారి దావత్."

అందరం నవ్వాం. మామ మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగి, గుంత అంచున కూర్చుండిపోయాడు. పార తగిలి పగిలిన కౌజు పిట్ట గుడ్లు మట్టిలో కనిపించాయి. ఆ పిట్టలు గూడు పెట్టేది గడ్డి మాటున నేల మీదే. "పానం ఉన్న జాగల పానం పోస్తమని వచ్చినం బిడ్డా," అన్నాడు నాతో.

ఆ తర్వాతి ఏడు ఆయన కొత్త మాట పట్టాడు. మొక్కలు నాటడం మానేయాలి. పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో సగం బీడును మేపకుండా వదలాలి. అప్పుడు మేత కొనుక్కోవడానికి కంపెనీ డబ్బు కాపరుల చేతికే ఇవ్వాలి. ఏ సగం వదలాలో వాళ్లే తేల్చుకోవాలి. కంచె వేద్దామని నేను వాదించాను. "కంచె ఏస్తె కాపరోళ్లు బయటోళ్లయితరు. ఇగ కాపాడేది ఎవలు, నువ్వా నేనా?" అని నా నోరు మూయించాడు.

మీటింగులకు బీడు నుంచి నేరుగా వచ్చేవాడు. సాక్సులకు అంటుకున్న గడ్డిముళ్లు ఒక్కొక్కటే పీకుతూ మాట్లాడేవాడు.

"మొక్కలు లేకపోతే ఫొటో ఏం పెడతామండీ?" అని కంపెనీ డైరెక్టరు అడిగాడు.

"గడ్డిది పెట్టుండ్రి సార్."

"అందులో మనం చేసింది ఏం కనపడుతుంది?"

"కనపడొద్దు సార్. ఇచ్చినోడు జెర పక్కకు జరగాలె."

డైరెక్టరు నవ్వి, ఒక్క ఏడాదికి ఒప్పుకున్నాడు. ఆ వానాకాలం ఎవరూ పార పట్టలేదు. గడ్డి మోకాలెత్తు లేచింది, పొద్దున పూట బీడంతా కౌజుల కూతలే. ఆ తర్వాత ప్రతి ఏడూ మామ వెళ్లి అడిగేవాడు, కంపెనీ వాళ్లు ఇచ్చేవారు.

దహనం నాడు ముసలమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. "సారు పాయె. ఇగ మల్ల గుంతలు తీస్తరా బిడ్డా?"

అడిగే మనిషే పోయాడు. ఇక అడగాల్సింది నేనే.

నిన్న డైరెక్టరును బీడుకు పిలుచుకుపోయాను. బీడు సంగతి విని పక్క ఫ్యాక్టరీల వాళ్లు కూడా కార్లేసుకుని వెంట వచ్చారు. ముసలమ్మ వాళ్లను గట్టు మీదే ఆపేసింది. "లోపటికి పోవద్దు. కౌజు పిల్లలు లేసినయి."

డైరెక్టరు అక్కడి నుంచే గడ్డిలోకి తొంగి చూశాడు. "ఏటేటా అడిగే పని లేదమ్మా. కాపరులు చాలు అనేదాకా ఇస్తాం," అన్నాడు నాతో. పక్క ఫ్యాక్టరీ ఆయన తమ ఊరి బీడుకూ ఇలాగే చేయడానికి ఎవరితో మాట్లాడాలని ముసలమ్మనే అడిగాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ మాట ఊరంతా తిరిగి చాటాలనిపించింది.

తిరిగి వస్తుంటే మట్టిబాట మీద ముందు కారు ఆగింది. వెనక కారాయన హారన్ కొట్టబోతే డైరెక్టరు కిటికీలోంచి చెయ్యెత్తి ఆపాడు. ఒక తల్లి కౌజు, దాని వెనక బొటనవేలంత పిల్లలు, కార్ల ముందు నుంచి తొందరేమీ లేకుండా బాట దాటుతున్నాయి.