పెద్దమ్మ నడిచి వస్తే

మా ఫోన్ పెద్దమ్మ పోయింది. ఆ మాట నాకు మనిషెవరూ వచ్చి చెప్పలేదు. ఆర్మూర్ బస్టాండ్ దగ్గర నా టైలరింగ్ దుకాణంలో జాకెట్ గుడ్డ కత్తిరిస్తుంటే, మా పాత గల్లీ వాళ్ల గ్రూపులో ఆమె ఫోటో పడింది. ఏదో పెళ్లిలో తీసిన ఫోటో. పక్కవాళ్లను కత్తిరించేయగా ఎవరిదో చెయ్యి మాత్రం ఆమె భుజం మీద మిగిలింది. కింద రెండు దండాల బొమ్మలు. కాసేపటికే దాని కింద ఆ రోజు పసుపు రేటు, ఆ కింద ఎవరింట్లోదో పుట్టినరోజు కేకు. నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

ఆమె ఎవరో మీకు తెలియదు కదా, చెప్తాను. పసుపు మార్కెట్ వెనక మా గల్లీలో సగం ఇళ్ల మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండేవాళ్లు. ఆడవాళ్లు గడపల్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. గల్లీ మొత్తానికి ఒకటే ఫోన్, అది పెద్దమ్మ ఇంట్లో. పెదనాయన రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తా కాబట్టి వాళ్ల సేటు పెట్టించాడు. పిల్లలు లేరు, పెదనాయన తొందరగానే పోయాడు. ఇంకా ఫోన్ ఎందుకని ఎవరో అంటే, "తీపిస్తే గీ పోరగాండ్లు తండ్రులతోని యాడ మాట్లాడుతరు?" అని కసిరిందట.

శుక్రవారం వస్తే అక్కడ సెలవు, ఇక్కడ మా పెద్దమ్మకు పరుగు. ఫోన్ మోగగానే కొంగు నడుముకు దోపి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికేది. "ఓ ఖాలా! జల్దీ రా, నీ బేటా లైన్ల ఉన్నడు!" మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఎదురింటామె ఒళ్లోని చాట ఎగిరిపడేది, తునికాకు ముక్కలు గల్లీ అంతా. పసుపు సీజన్లో మేం మార్కెట్ రోడ్డు మీద ఆడి ఆడి పచ్చటి కాళ్లతో వచ్చేవాళ్లం. "కాళ్లు కడుక్కోని రాండ్రి! లేకుంటే మీ నాయినలను పిలిపిచ్చి బండలు తుడిపిస్త!" అనేది. రిసీవర్ చేతికిచ్చే ముందు మాత్రం గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పేది. "ఫోన్ల ఏడ్వద్దు బిడ్డా. గాడ మీ నాయిన కండ్లు తుడిచెటోళ్లు లేరు."

మాట్లాడుతున్నంత సేపు ఆమె వెనక పెరట్లోకి వెళ్లి అంట్లు తోమేది. అంట్లు లేకపోతే తోమినవే మళ్లీ తోమేది, మొగుడూ పెళ్లాల మాటలు తన చెవిన పడటం లేదని అందరికీ తెలిసేట్టు గిన్నెలు గలగలలాడించేది. ఎవరి సంసారంలో ఏముందో ఆ గల్లీలో ఎవరూ ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు.

కానీ ఒక్కోసారి ఆమె పరుగెత్తేది కాదు. మెల్లగా, చెప్పులు వేసుకుని నడిచి వచ్చేది. అప్పుడు గల్లీలో బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయేవి, ఎవరి గడప దగ్గర ఆగుతుందోనని.

ఒక మధ్యాహ్నం మా గడప దగ్గర ఆగింది. అమ్మ ఒళ్లోని చాట తానే తీసి పక్కన పెట్టి, "తిన్నరా?" అన్నది. అమ్మ ఆమె మొహం చూసింది, ఏమీ అడగలేదు. పెద్దమ్మే మా వంటింట్లోకి వెళ్లి అన్నం, టమాట పప్పు పెట్టింది. నేను రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను. చేతులు కడిగాక చెప్పింది, మస్కట్‌లో నాన్న పోయాడని. ఎంత కోపమొచ్చిందో నాకు! నాన్న పోయాడని తెలిసీ నాకు పప్పు వడ్డిస్తుందా అని ఆమెను కొట్టబోయాను. ఆమె నా చేతులు పట్టుకుని, "ఉత్త కడుపుతోని గా మాట ఎట్ల మోస్తవే? గందుకే ముందుగాల తినిపిచ్చిన," అన్నది. తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు అర్థమైంది.

అట్లాంటి మనిషి చావు కబురు గ్రూపులో పసుపు రేటు మీద వేలాడదీస్తారా? ప్రతి జేబులోకీ ఫోన్ వచ్చాక ఆమె గడప తొక్కినవాళ్లెవరు? ఆమె పోయిన రోజు పొద్దెక్కినా తలుపు తీయకపోతే వెళ్లి చూసింది ఖాలా కోడలు ఒక్కతే. ఇప్పుడు మాత్రం 'మా అందరికీ తల్లి' అని ఒకరి కింద ఒకరు రాస్తున్నారు. సిగ్గుండాలి!

గ్రూపు నడిపేవాడికి ఫోన్ చేశాను. వాడూ ఆమె ఇంట్లో తండ్రితో మాట్లాడి పెరిగినవాడే.

"నందిపేట్ల చిన్నమ్మకు ఎవరు చెప్పిన్రు రా?"

పెద్దమ్మ తోడబుట్టినవాళ్లలో మిగిలింది ఆ చెల్లెలొక్కతే.

"గ్రూప్ల పెట్టినం గద అక్కా. ఆమె మనుమడు ఉన్నడు గండ్ల. చూసి చెప్తడు."

"మీ నాయిన కాలు ఇరిగినప్పుడు పెద్దమ్మ నీకు గిట్లనే చెప్పిందా? నడుసుకుంట మీ ఇంటికి రాలేదా రా?"

"నువ్వు ఊకె లొల్లి చేస్తవ్ అక్కా. ఇప్పుడు గవన్నీ ఎవరు చేస్తరు?"

ఎవరు చేస్తారో చూడు అని ఫోన్ పెట్టేసి, గుడ్డ అట్లాగే వదిలి, నందిపేట్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే భయం. ఆ ముసలామె పొయ్యి ముందు ఉండగా మనవడు ఆ ఫోటో తీసి ఆమె మొహం ముందు పెడతాడేమోనని. ఆటో దిగి పరుగెత్తాను. ఆమె ఉండే సందు మొదట్లో ఆగి, ఊపిరి తీసుకుని, మెల్లగా నడిచాను.

చిన్నమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"తిన్నవా చిన్నమ్మా?"

ఆమె తలెత్తింది. చేతిలో చాట ఆగిపోయింది. నా మొహం చూసింది, కాళ్లకున్న చెప్పులు చూసింది. అక్క పద్ధతి ఆమెకు తెలియంది కాదు. లేచి లోపలికి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చింది.

"కూసో. నువ్వు గూడ తిననట్టున్నవ్."

ఇద్దరం తిన్నాం. నా సంచిలో ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది, దండాల మీద దండాలు. చిన్నమ్మ పళ్లెంలో మెతుకు మిగల్చకుండా తిన్నది. ఒక్కో ముద్దా ఆమె గొంతు దగ్గర ఆగి ఆగి దిగడం చూస్తున్నాను. లేచి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా ఎదురుగా కూర్చున్నది.

"ఇగ చెప్పు బిడ్డా," అన్నది.