చిన్న సిలిండరుకు అమ్మ వేసిన ముడి

నీళ్లలో నా పరువు ఎలా మునిగిందో చెబుతాను. తీరిగ్గా నవ్వుకోండి. కాకపోతే, అది పరీక్ష కాకుండా నిజం పనే అయ్యుంటే ఆ రోజు ఒక మనిషి ప్రాణం పోయేదని మాత్రం మరిచిపోకండి. నేను మరిచిపోలేదు.

గద్వాల దగ్గర ఒక రిజర్వాయరులో, మోటార్ల ముందుండే ఇనుప జాలీలకు పట్టిన చెత్తను నీటి అడుగుకు దిగి తీసే పని అది. మాది వీపనగండ్ల. ఆ పని దొరికితే నేనూ అమ్మా కూలికి పుణె బస్సెక్కాల్సిన అవసరం ఉండదు. దొరకాలంటే యాదగిరన్న పెట్టే పరీక్షలో నెగ్గాలి. ఆయన ఏళ్లుగా నీళ్లలో దిగుతున్న మనిషి. నవ్వడం ఒడ్డు మీద కూడా తెలియదు.

వీపు మీద పెద్ద గాలి సిలిండరు ఎలాగూ ఉంటుంది. అది మొరాయిస్తే ఆదుకోవడానికి మూరెడు పొడవున్న చిన్నది ఇంకొకటి ఉంటుంది. దానికి వేరే గొట్టం, నోట కరుచుకునే వేరే మౌత్‌పీసు. దాన్ని ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలన్నదే ప్రశ్న.

"పక్కకు కొక్కేలతోని తగిలించుకో," అన్నాడు యాదగిరన్న. "కండ్లు మూసుకున్నా చేతికి దొరకాలె. పక్కోనికి ఇయ్యాల్సొస్తె చిటికెల ఊడాలె. గీ రెండే చూస్కో."

మొదటి మాట విన్నాను. రెండో మాటకల్లా నా మనసు వేరే చోట ఉంది. చంక కింద సిలిండరు వేలాడుతుంటే గ్యాసు బండ తెచ్చినవాడిలా కనిపిస్తానేమోనని నా దిగులు!

వీపుకు బిగిస్తే చేయి అందలేదు. నడుముకు కడితే అడుగడుగునా తొడకు కొట్టింది. పరీక్షకు ముందురోజు ఇంట్లో దాంతో కుస్తీ పడుతుంటే అమ్మ చూసింది.

"ఏందిరా గది?"

"పానం కాపాడేది అమ్మా. పెద్దది ఆగిపోతె గిదే దిక్కు."

అమ్మ ముఖం మారిపోయింది. పాత చీర తెచ్చి, సిలిండరును నా రొమ్ముకు ఆనించి, గొట్టంతో సహా చుట్టి, వీపు వెనక ముడి వేసింది.

"నిన్ను గిట్లనే కట్టుకొని మట్టి తట్టలు మోసిన. ఒక్కనాడన్న జారినవా?"

జారలేదు, నిజమే. ఎగిరి చూశాను, కదల్లేదు. కళ్లు మూసుకుని తడిమితే మౌత్‌పీసు చేతికి తగిలింది. ఇంకేం కావాలి?

మర్నాడు అమ్మను వెంటబెట్టుకెళ్లి ఒడ్డు మీదే కట్టించుకున్నాను. యాదగిరన్న నా రొమ్ము వంక చూసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా అడిగాడు.

"మొగపిల్లగాడా, ఆడపిల్లనా?"

ఒడ్డంతా నవ్వింది.

"ఊడతదా?" అన్నాడు మళ్లీ.

"ఊడనే ఊడదన్నా!" అన్నాను గర్వంగా.

"సరే, పా."

అడుగుకు చేరాక ఆయన తన మౌత్‌పీసు తీసేసి, గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించాడు. నాకు గాలి లేదు, నీ చిన్న సిలిండరు ఇయ్యి అని అర్థం. లాగాను. తడిసిన చీర బిగుసుకుపోయింది. ముడేమో వీపు మీద, పెద్ద సిలిండరు కింద ఉంది. మౌత్‌పీసు జానెడు దూరం వచ్చి ఆగిపోయింది. పరీక్షేనని తెలిసినా నాకు భయమేసింది. చివరికి ఆయనే నన్ను గట్టిగా కావిలించుకుని, చెంపకు చెంప ఆనించి, ఆ మౌత్‌పీసు నోట పెట్టుకున్నాడు. అలాగే ఇద్దరం పైకి తేలాం. ఒడ్డు మీది జనం ఫోన్లు తీశారు. తర్వాత జరిగిన నా పెళ్లి ఫొటోల్లో కూడా నేను ఎవరికీ అంత దగ్గరగా లేను.

"పానం కాపాడేది నీ ఒక్కనికే అనుకున్నవా?" అన్నాడాయన మెల్లగా. తిట్టినా బాగుండేది.

పెద్ద సిలిండరు దించాక అమ్మ మాత్రం పళ్లతో లాగి ముడి ఇట్టే విప్పేసింది. "ఊడొద్దనే గదరా గట్ల కట్టింది," అంది. "ఇంకొకలకు ఇయ్యాలని నాకు చెప్తివా? నిన్ను ఎవలకన్న ఇద్దామని కట్టుకున్ననా?"

ఆ మాటకు ఆ యాదగిరన్న కూడా తల దించుకున్నాడు. వారం తర్వాత ఇంకోసారి పరీక్ష పెట్టాడు. ఈసారి కొక్కేలతో దిగి నెగ్గాను. ఆ రోజే రిజర్వాయరు నీళ్లు దోసిట పట్టి ఒట్టు వేశాను: ఊపిరున్నంత వరకు సిలిండరును బిడ్డలా కట్టుకోను, ఊడనిదాన్ని చూసి గర్వపడను.

ఇప్పటికీ దిగే ముందు యాదగిరన్న అందరి ముందూ అడుగుతాడు.

"పిల్లగాడు బాగున్నడా?"

నేను కొక్కెం ఊడదీసి చూపిస్తాను.

"బాగున్నడన్నా. ఎవలెత్తుకున్నా పోతడు."