మావయ్యకు నేను గన్‌మన్

నిన్న మా ఆవిడ పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె ముందు నా బూడిదరంగు సఫారీ జత పడేసింది. ఆమె దాన్ని తిరగేసి చూసి, "గిది పోలీసాయనదా అమ్మా?" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు మాత్రం మావయ్య గుర్తొచ్చాడు.

అప్పట్లో సినిమాల్లో నాది కాపలావాడి వేషం. మాటలు చెప్పే పని లేదు. దర్శకుడి చేత మాటలు పడే పని మాత్రం రోజూ ఉండేది. జూబ్లీహిల్స్‌లో ఉండే మా మేనమామ పాతకాపు రాజకీయ నాయకుడు. ఆ ఏడు ఆయన ఎన్నికల్లో ఓడిపోగానే ప్రభుత్వం ఇద్దరు గన్‌మన్‌లనూ వెనక్కి పిలిచేసింది. ఓటమికన్నా వీపు బోసిపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "అల్లుడూ, రేపట్నుంచి సఫారీ వేసుకుని నా వెనక నడువు. నన్ను ఒంటరిగా చూడ్డం జనానికి అలవాటు కాకూడదు" అన్నాడు. నడుముకు షూటింగువాళ్ళనడిగి తెచ్చిన తుపాకీ తొడుగు తగిలించాను. లోపల నా కళ్ళజోడు.

పొద్దున్నే నడకకని ఫిల్మ్ నగర్ వాలు దిగుతూ మావయ్య నాకు ప్రజాజీవితం బోధించేవాడు. "పొద్దున కషాయం, మధ్యాహ్నం మౌనం, సాయంత్రం మైకు. ఇంతేరా ఆరోగ్యం." "జనానికి మతిమరుపురా, అందుకే మాలాంటివాళ్ళం బతికిపోతున్నాం." మధ్యమధ్యలో తన శత్రువుల పేర్లు గర్వంగా లెక్కపెట్టేవాడు. వెనక నాకు ప్రతి మోటారుసైకిలూ యమధర్మరాజు దున్నపోతులా వినిపించేది.

ఒకరోజు మలుపులో ఒక మనిషి అడ్డంగా నిలబడ్డాడు. "సార్, జర ఆగుండ్రి" అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు. ఉక్కు మొన ఒకటి తళుక్కుమంది. తర్వాత సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: నేను ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉన్నాను. మావయ్య రోడ్డు మధ్యన ఒక్కడే ఉన్నాడు.

బయటికొచ్చింది కత్తి కాదు, తాపీ.

"రహమత్ నగర్ మేస్త్రీని సార్. మా బస్తీల కమ్యూనిటీ హాలుకని కొబ్బరికాయ కొట్టి, ఒక్క ఇటుక పెట్టి, గీ తాపీ నా చేతుల పెట్టి పోయిండ్రు. ఆరేండ్లాయె. రెండో ఇటుక లేదు. ఇంట్ల దీన్ని చూసినోళ్ళంత నవ్వుతుండ్రు. మీదే గద, తీసుకోండ్రి."

కోపంగా కూడా అనలేదు. తాపీ ఇచ్చి, దండం పెట్టి, వాలు దిగి వెళ్ళిపోయాడు.

నేను మెల్లగా బయటికొచ్చాను. మావయ్య నన్ను తిట్టలేదు. నేను పారిపోయిన సంగతే గమనించినట్టు లేదు. తాపీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"వీడు మర్చిపోలేదురా," అన్నాడు. "నేనెన్ని కొబ్బరికాయలు కొట్టానో నీకు తెలుసా? ఇంకా ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయో ఇలాంటి తాపీలు!"

మర్నాడు ఆయన నడకకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గేటు చప్పుడైతే చాలు, "ఎవరో చూడు" అనేవాడు, కుర్చీలోంచి లేవకుండా.

గడిచిన కాలం మన వెనకెక్కడో ఉండిపోయిందనుకుంటాం. అది మనకన్నా ముందే నడిచి వెళ్ళి, ఏదో మలుపులో మనకోసం నిలబడి ఉంటుంది.