పిలిస్తే వచ్చే కుక్క

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళినప్పుడు, కుక్కల్ని గొలుసు విప్పి వదిలే కంచె మైదానం ఒకటి చూశాను. పిలిస్తే రాని కుక్కను అక్కడ విప్పనివ్వరు. అందరితో తమిళం మాట్లాడుతున్న ఒక ముసలాయన తన వేటకుక్కను మాత్రం "ఇట్ల రా తల్లీ, బిరాన రా!" అని తరాలుగా తమిళనాట ఉంటున్న మా ఇళ్ళలోని తెలుగులో పిలిచాడు. అది దూసుకొచ్చింది.

"మీ బిడ్డలు పిలిస్తే ఇది వచ్చునా?" అని తెలుగులోనే అడిగాను.

"తిరిగి కూడా చూడదు సామీ. మా ఇంటిది చచ్చేదాకా దీనితో తెలుగే మాట్లాడె. బిడ్డలకి అరవమే వచ్చును."

నాకు ఒళ్ళు మండింది. "ఇంటి మాట కుక్కకి నేర్పితిరి, బిడ్డలకి నేర్పకపోతిరే!"

ఆయన కుక్క మెడకు గొలుసు తగిలించాడు. "నిజమే. నేను పోతే దీన్ని ఎవురు విప్పుతారు సామీ?"

నా మనవలు కూడా నన్ను తమిళంలోనే పిలుస్తారని ఆయనకు చెప్పలేకపోయాను.