మా బావమరిది ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట

ఈ రోజు పొద్దున్నే మైపాడు ఒడ్డున మా బావమరిది వచ్చి, "బావా, నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఇంటికొక మాట చెప్పాల, నీది ఇయ్యి" అన్నాడు. వాడికి ఫోన్ ఇచ్చి, నేను పడవలోకి ఐసు ఎక్కించుకునే పనిలో పడ్డాను.

మా నాన్న నాకొక్కడికే చూపించిన, సముద్రంలో చేపలు బాగా పడే చోటు ఆ ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని ఉంది. అలాంటి చోటు మావాళ్లు సొంత తమ్ముడికి కూడా చెప్పరు. తీరా నేను అక్కడికి చేరేసరికి వాడు తన పడవలో వల వేసి కూర్చున్నాడు.

"ఈ చోటు నీకెట్టా తెలిసిందిరా?"

"నీ ఫోన్లోనే చూసినా బావా. ఇచ్చింది నువ్వే గదా!"

చార్జింగ్ లేదన్న వాడి ఫోన్‌లో పాటలు మోగుతున్నాయి.

రెండు రోజులైనా చార్జింగ్ దిగదని వాడు పొగిడితేనే నేనూ అదే ఫోన్ కొన్నాను. అలాంటిది పొద్దున్నే ఆగిపోయిందంటే ఎలా నమ్మానో, మీరైనా చెప్పండి.