ఉద్యోగం పోయిన మలీదా

గద్వాలలో మా వీధిలో నిరుద్యోగి అనేవాడే లేడు. నమ్మకపోతే సర్వేకు వచ్చిన సింధూజ అనే అమ్మాయి కాగితాలు చూడండి. పదకొండు ఇళ్లు తిరిగింది. పిల్లలందరూ హైదరాబాదులో కొలువులు చేస్తున్నారని పదకొండు ఇళ్లవాళ్లమూ చెప్పాం, పాపం రాసుకుపోయింది. ఆమె మా గడపలో నిలబడినంతసేపూ మా కొడుకు మల్లికార్జున్ నేను చీరలు నేసే మగ్గం గుంతలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కంపెనీవాళ్లు వాణ్ని తీసేసి ఏడు నెలలైంది. ఆ సంగతి నాకూ మా ఆవిడ ఎల్లమ్మకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం.

పక్కిల్లు సకీనాబీది. చీరల కొంగులకు కుచ్చులు వేస్తుంది. మొగుడు పోయాక ఆ కుచ్చుల మీదే కొడుకు యాసర్‌ను డిగ్రీ దాకా చదివించింది. మంచి మనిషే గానీ, అమ్మో, ఆ నోరు! యాసర్‌కు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన రోజు మొక్కు తీర్చుకుంటూ, రొట్టెలు నలిచి బెల్లం కలిపిన మలీదా వీధంతా పంచింది. మలీదా తిని ఒప్పుకున్న మాటను కాదంటే కళ్లు పోతాయని మా వీధిలో నమ్మకం.

ఆర్నెల్లకే ఆ కంపెనీ మూతపడింది. అయినా యాసర్ ప్రతి సోమవారం సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. వనపర్తిలో దిగి, గోపాల్‌పేటలో మేనమామ చేనుకు పోయి, ఐదు రోజులు పల్లికాయ తెంపి, శనివారం "హైదరాబాదు నుంచి" వచ్చేవాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ఇంతలో ఊరి బయట కొత్త గోదాము పెట్టారు. పనిలేనివాళ్లనే తీసుకుంటారట. పనిలేదని ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రమే గడువు. బుధవారం సకీనాబీ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"గోపాలన్నా, జర సంతకం పెట్టు. మా యాసర్‌కు కొలువు లేదు."

"గదేంది చెల్లె! పెద్ద కొలువంటివి గద?"

"ఉండె. పోయింది."

"నీ మలీదా తిన్న నోరు ఇది. గిప్పుడు లేదని ఎట్ల రాస్త? కండ్లు పోతయ్!"

మిగతా ఇళ్లలోనూ ఇదే జవాబు. "లేని కొలువుకు మలీదా ఎవరన్న పంచుతరా?" అని చివరింటి అలివేలమ్మ అయితే ఎదురు దబాయించింది. కళ్లూ లేవు, కాకరకాయా లేదు. యాసర్‌కు ఉద్యోగం పోయిందని ఒప్పుకుంటే రేపు మా తలుపులూ తెరిచి, లోపల దాచిన పిల్లల్ని చూపించాలి. అదీ మా భయం. ఆమె వట్టి చేతులతో వెళ్తుంటే నాకు సిగ్గేసింది. అయినా పిలవలేదు.

శుక్రవారం పొద్దున వీధిలో కేక వినబడింది.

"రాండ్రి, తీస్కోండ్రి! మా యాసర్ కొలువు పోయింది, మలీదా తీస్కోండ్రి!"

సకీనాబీ చంకలో పెద్ద గిన్నె. వెనకాల తలొంచుకుని యాసర్ దొప్పలు పంచుతున్నాడు. ఉద్యోగం పోయినందుకు తీపి పంచడం మా ముత్తాతలు కూడా చూసి ఉండరు. నవ్వాలో ఏడవాలో తెలియక అందరమూ చేతులు చాచాం.

మా గడప ముందు ఆగింది. "తిను అన్నా. గిప్పుడు ఇది గూడ నిజమైతది," అంది.

తిన్నాను. బెల్లం బాగానే పడింది. సంతకం పెట్టాను. నా వెనకే అలివేలమ్మా పెట్టింది.

సకీనాబీ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. "గోదాముల ఇంక జాగలున్నయంట. సాయంత్రం దాక తీస్కుంటరంట," అని నెమ్మదిగా అంది. "మల్లికార్జున్ దగ్గు ఏడు నెలల సంది గోడ అవతలికి ఇనబడుతుంది అన్నా. ఆ గుంతల సల్లదనం పిలగానికి మంచిది గాదు."

ఆమె వెళ్లేదాకా గడపలోనే నిలబడి, లోపలికి తిరిగి, వీధంతా వినబడేలా అరిచాను.

"ఎల్లమ్మా, ఇంట్ల బెల్లం ఉందా?"